పిన్ను ఎక్కడ గుచ్చాలి

ఫ్లెక్సు కట్టేవాడికి ముందు తెలియాల్సింది బొమ్మ గురించి కాదు, మొహం గురించి. ఆ ఫ్లెక్సు మొహం ఎటు తిరిగి ఉండాలి? శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి ఊళ్లోకి నడిచేవాళ్లకు కనబడేలా కడితే బట్టల కొట్టుకి బేరం. అదే ఫ్లెక్సుని విశాఖ బస్సు ఎక్కేవాళ్ల వైపు తిప్పితే బట్టల కొట్టుకి దండగ, విశాఖలోని ఆసుపత్రికి పండగ. ఏడు రోడ్ల జంక్షన్లో మాత్రం ఎటు తిప్పినా సగంమంది వెనకవైపు కర్రలే చూస్తారు. పన్నెండేళ్లుగా ఇదే పని. చదివింది బీకాం. అన్నం పెట్టింది ఫ్లెక్సు మిషను, దాని పక్కన ఒక జెరాక్సు మిషను.

పేపర్లో పెట్టి పంచే కరపత్రాలకీ ఇలాంటి లెక్కే ఉండేది. కట్ట తీసుకెళ్తే ఏజెంటు మొదట అడిగే మాట "ఏ లైను?" అని. ట్యూషన్ సెంటరుదైతే ఉద్యోగస్తులుండే కాలనీల లైను. ఎరువుల కొట్టుదైతే పల్లెల లైను. ఆటోకి మైకు కట్టించేవాళ్లకైతే ఇంకా బాగా తెలుసు. మధ్యాహ్నం రెండింటికి తిరిగితే ఇళ్లలో ఆడవాళ్లు వింటారు, సాయంత్రం ఆరుకి తిరిగితే ట్రాఫిక్‌లో ఎవరికీ వినబడదు. అందుకే ఫేస్‌బుక్ యాడ్స్ మేనేజర్ మొదటిసారి తెరిచి 'ఆడియన్స్' అన్న గడి చూసినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. పేపరు ఏజెంటు అడిగిన మాటే, ఇంగ్లిష్‌లో అడుగుతోంది.

ఇది 2019 చివరి మాట. అప్పటికి ఆ పని నాకు అంటగట్టింది మా మావయ్య.

మావయ్యకి పలాస పక్కనే కాశీబుగ్గలో చిన్న జీడి బట్టీ ఉంది. అంతకు ముందు ఏడాది, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు, మందస వైపు జీడి తోటల్నీ కొబ్బరి తోటల్నీ నేలకేసి కొట్టి పోయింది. ముప్ఫై ఏళ్లు కాసిన చెట్లు ఒక్క రాత్రిలో వేళ్లతో సహా లేచిపోయాయి. మా వైపు జీడిపిక్కలు 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. తోటలు పోయాక ఆ బస్తా దొరకడమే కష్టమైంది. దొరికిన కాస్త సరుకు కూడా హోల్‌సేల్ వాడు చెప్పిన రేటుకి ఇచ్చేస్తే కట్టెల ఖర్చు కూడా రాదు. "మద్దెలో ఓడూ లేకుండా తినీవోడికే అమ్మితే ఎలాగుంటాదిరా?" అన్నాడు మావయ్య. అలా ఒక పేజీ పెట్టాం.

మొదటి పోస్టుకి, డబ్బు కడితే ఎక్కువమందికి చూపించే ఆ నీలం రంగు 'బూస్ట్' బటన్ నొక్కాను. ఊరు శ్రీకాకుళం, చుట్టూ 40 కిలోమీటర్లు, వయసు 18 నుంచి 65 దాకా, ఆడా మగా అందరూ. 500 రూపాయలు, ఆపైన 18 శాతం జీఎస్టీ. మూడు రోజుల్లో లైకులు వందల్లో వచ్చాయి. 'సూపర్ అన్నా', 'మన పలాస జీడి' అని కామెంట్లు. ఫోన్లు మాత్రం రెండే. ఒకడు పని ఉందా అని అడిగాడు. రెండోవాడు తన దగ్గర కూడా పప్పు ఉంది, కొంటారా అని అడిగాడు.

మావయ్య నవ్వలేదు. "సముద్రం కాడ కూకుని ఉప్పు అమ్ముతున్నావురా" అన్నాడు.

నిజమే కదా. టెక్కలిలో, సోంపేటలో, నరసన్నపేటలో ఎవడి ఇంట్లో జీడిపప్పుకి లోటు? పెదనాన్న తోట నుంచో, వదిన పుట్టింటి నుంచో ఓ సంచీ వస్తుంది. మనిషి దొరికాడు, కొనే అవసరమే దొరకలేదు. లైకు కొట్టినవాడికి సరుకు మీద ఇష్టం ఉంది, అభిమానం ఉంది. డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు, అంతే.

అప్పుడు తీరిగ్గా పేజీ ఇన్‌సైట్స్ తెరిచాను. ఎవరు చూస్తున్నారు, ఏ వయసువాళ్లు, ఏ ఊళ్లో ఉన్నారు, ఏ గంటలో ఫోను పట్టుకుంటున్నారు అన్నీ అక్కడ ఉంటాయి. మేం డబ్బు పెట్టని పోస్టుల్ని చూసినవాళ్ల ఊళ్ల పట్టీలో శ్రీకాకుళం ఐదో స్థానంలో ఉంది. పైన విశాఖపట్నం, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై. ఆ పట్టీ చూసి నాకు ఒక్కసారిగా కళ్లు తెరుచుకున్నాయని చెప్తే అబద్ధం. మొదట నేననుకున్నది, లెక్క తప్పని. కొంతవరకు తప్పే కూడా. జీపీఎస్ ఆఫ్ చేసుకుని మొబైల్ నెట్ వాడే టెక్కలి కుర్రాడు ఐపీ చిరునామా పుణ్యాన ఒక్కోసారి హైదరాబాద్ లెక్కలో పడిపోతాడు. కానీ మిగతాది నిజం. మా జిల్లా మనుషులు జిల్లాలో ఎంతమంది ఉంటారో బయటా అంతమంది ఉంటారని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ మాటే అక్కడ గీతల రూపంలో ఉంది.

ఇంకో గీత మాత్రం నన్ను బాగా తికమక పెట్టింది. చూసేవాళ్లలో ఐదుగురికి నలుగురు మగాళ్లే. పాతికా ముప్ఫై ఐదు మధ్య వయసు. సరేనని మగాళ్లకి తగ్గట్టు రాశాను: జిమ్ము, ప్రొటీను, పాలలో నానబెట్టిన పప్పు. ఒక్క ఆర్డరు లేదు. వచ్చిన కొద్ది ఫోన్లూ ఆడవాళ్లవే. "బద్ద పప్పు ఉందా? పాయసంలోకి" అని ఒకావిడ. "గుండు పప్పు ఏ సైజు?" అని ఇంకొకావిడ. కొన్నాళ్లకి గాని అర్థం కాలేదు. ఫోను ఆయనది, అకౌంటు ఆయనది. రాత్రి అన్నాలయ్యాక ఆ ఫోను చేతిలో ఉండేది ఆవిడకి. ఫేస్‌బుక్ లెక్క ప్రకారం మా పాయసం చేసేవాళ్లందరూ ముప్ఫై ఏళ్ల మగాళ్లు. అప్పటి నుంచి ఆ ఆడా మగా గడిని ముట్టుకోలేదు. రాసే మాట మార్చాను. డబ్ల్యూ 240 అంటే పౌనుకి, అంటే అరకిలోకి కాస్త తక్కువ తూకానికి, 220 నుంచి 240 గింజలు తూగే పప్పు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320. నంబరు పెరిగేకొద్దీ గింజ చిన్నది. దీన్ని 'ఉప్మాలోకి ఇది, పంచిపెట్టడానికి అది' అని రాశాను. మర్నాటి నుంచి ఫోన్లు పెరిగాయి.

అయినా అసలు చిక్కు అలాగే ఉంది. హైదరాబాద్‌లో కోటి మంది ఉంటే అందులో మా జిల్లావాళ్లని ఎలా పట్టుకోవడం? 'సొంతూరికి దూరంగా ఉన్నవాళ్లు' అనే ఎంపిక ఒకటి అప్పట్లో ఉండేది. కానీ ఏ సొంతూరో అది చెప్పదు. తెలుగు భాష అని పెడదామంటే మన కుర్రాళ్ల ఫోన్లన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగులో తిట్టుకుంటారు గాని సెట్టింగ్స్‌లో తెలుగు పెట్టుకోరు.

దారి సంక్రాంతి చూపించింది.

అప్పట్లో లొకేషన్ గడిలో నాలుగు రకాలుండేవి. ఇక్కడున్న అందరూ, ఇక్కడ నివసించేవాళ్లు, ఈమధ్య ఇక్కడికి వచ్చినవాళ్లు, ఇక్కడ ప్రయాణంలో ఉన్నవాళ్లు. ఈ నాలుగోది పర్యాటకుల కోసం పెట్టింది. ఇల్లు 200 కిలోమీటర్ల కంటే దూరంలో ఉండి, ప్రస్తుతం ఈ చోట ఉన్న మనిషి అని దాని అర్థం. గోవాలో హోటళ్లవాళ్లు వాడుకుంటారేమో. కానీ భోగి నాడు టెక్కలి చుట్టుపక్కల, ఇల్లు 200 కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి ఎవడై ఉంటాడు? సంతబొమ్మాళికి ఏ టూరిస్టు వస్తాడు? పండక్కి ఇంటికొచ్చిన మావాడే వస్తాడు. హైదరాబాద్ నుంచో, చెన్నై నుంచో, బెంగళూరు నుంచో జనరల్ బోగీలో నిలబడి వచ్చినవాడు.

2020 సంక్రాంతికి యాడ్ మ్యాపులో టెక్కలి మీద పిన్ను గుచ్చి, 50 కిలోమీటర్ల గుండ్రం గీశాను. ఒడిశాలో పర్లాకిమిడి ఆ గుండ్రంలో పడిపోతే దాన్ని మినహాయించాను. అక్కడా తెలుగువాళ్లున్నారు, తెలుసు, కానీ నా దగ్గరున్నది 2,000 రూపాయలు. విశాఖలో ఉండేవాళ్లు 200 కిలోమీటర్ల లెక్కకి అందలేదు. పోనీలే, విశాఖోడు ప్రతి ఆదివారం వస్తాడు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ బట్టీ వీడియో చూపించాం. అమ్మకం మాటే ఎత్తలేదు. పండగ నాడు ఎవడూ పప్పు కొనడు, తింటాడు.

ముక్కనుమ నాడు పిన్ను మార్చాను. పలాస రైల్వే స్టేషన్ మీద 1 కిలోమీటరు, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ మీద 1 కిలోమీటరు. అంతకన్నా చిన్న గుండ్రం గీయనివ్వదు. యాడ్‌లో ఒకటే మాట: "బేగులో పప్పు ఎట్టుకున్నారా?" కింద వాట్సాప్ నంబరు.

ఆ సాయంత్రం పలాస ప్లాట్‌ఫారం మీద మావయ్య కొడుకు, రెండు గోనెసంచుల్లో అరకిలో పొట్లాలతో, ప్లాట్‌ఫారం టికెట్టు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. వాట్సాప్‌లో మెసేజ్ వచ్చేది: 'ఎస్ 6, 41, ఒక కేజీ'. బండి వచ్చేది. ఆగేది రెండు నిమిషాలు. వాడు జనాన్ని తోసుకుంటూ పరిగెత్తి కిటికీ ఊచల్లోంచి పొట్లాలు దూర్చేవాడు. కేజీ పొట్లం ఊచల్లోంచి పట్టదని అరకిలోలు కట్టడం మా అత్త తెలివి. డబ్బులు తర్వాత ఫోన్‌పేలో వచ్చేవి. బండి బయల్దేరాక, శ్రీకాకుళం రోడ్ దాటాకో విజయనగరం దాటాకో టింగుమని మోగేది. అందరూ పంపారు, ఒక్కడు తప్ప. వాడి సీటు నంబరు మా బావమరిదికి ఇప్పటికీ గుర్తు.

ఇప్పుడు ఈ పని చేసే కుర్రాళ్లు అడిగితే నేను చెప్పేది ఆ రోజు అమ్మిన పొట్లాల గురించి కాదు. ఆ మూడు రోజులూ మా వీడియోని సగానికి పైగా చూసినవాళ్లనీ, మెసేజ్ పెట్టినవాళ్లనీ ఒక కస్టమ్ ఆడియన్స్‌గా కట్టేశాను. వాళ్లు ఎల్బీనగర్ వెళ్లిపోయినా, అంబత్తూరు వెళ్లిపోయినా ఆ జాబితాలో ఉంటారు. ఎవరి పేరూ నాకు తెలియదు, ఒక పెద్ద అంకె మాత్రమే కనబడుతుంది. కానీ 365 రోజుల దాకా వాళ్లకి మళ్లీ చూపించొచ్చు. ఏడాది తిరిగేసరికి మళ్లీ సంక్రాంతి వస్తుంది, జాబితా మళ్లీ నిండుతుంది. ముగ్గు చెరిగిపోతే మళ్లీ వేసుకున్నట్టు.

ఆ మార్చిలోనే లాక్‌డౌన్ వచ్చి కొరియర్లు ఆగిపోయాయి, అది వేరే కథ. 2021, 2022 సంక్రాంతులకి కూడా ఇదే పని చేశాను. 2023లో ఫేస్‌బుక్ వాళ్లు ఆ నాలుగు రకాలూ తీసేసి ఒకటిగా కలిపేశారు. ఇప్పుడు ఇక్కడ ఉండేవాడూ ఇక్కడికి వచ్చినవాడూ ఒకటే. నా బంగారు గని అలా మూసుకుపోయింది. మధ్యలో 'లుకలైక్' అని ఇంకోటి కూడా ప్రయత్నించాను. మన జాబితా ఇస్తే అలాంటివాళ్లనే దేశం మొత్తంలో వెతికి పెడుతుంది. వెతికి పెట్టింది కూడా. అన్నిటికన్నా చిన్న కొలత 1 శాతం అంటే, మన దేశంలో అదే లక్షల మంది. సోంపేటవాడి లక్షణం అందులో ఉప్పులా కరిగిపోయింది.

ఎంపిక పోయినా వ్యాపారం ఆగలేదు. అందుకు కారణం మా అత్త నోరు.

మొదట్లో వీడియోల్లో మావయ్య మాట్లాడేవాడు. కెమెరా పెట్టగానే మనిషి మారిపోయేవాడు. "ప్రియమైన వినియోగదారులారా, నాణ్యమైన, రుచికరమైన..." అంటూ రేడియో వార్తలు చదివినట్టు. ఒకరోజు అలా మాట్లాడుతుంటే వెనక పిక్కలు కొడుతున్న అత్త, తల ఎత్తకుండానే అంది: "ఆ మాట్లేటి, ఎలచ్చన్ల మైకులాగ? ఉన్నది ఉన్నట్టు సెప్పలేవేటి?" కెమెరా ఆవిడ వైపు తిప్పాను. రాయి మీద కాల్చిన పిక్క, చేతిలో కొయ్య, ఒక్క దెబ్బ, పప్పు విరగకుండా పైకి లేచింది. పెంకులోంచి చిమ్మే జీడి రసం తగిలితే చర్మం కాలిపోతుంది. అందుకని చేతులకి బూడిద రాసుకుంటారు. ఎంత రాసుకున్నా వేళ్లు నల్లబడతాయి. గోళ్ల చుట్టూ, గీతల్లో, బొటనవేలి కింద ఆ నలుపు మెహందీలా పట్టేసి ఉంటుంది, పెళ్లిళ్లకి వెళ్తే కొంగులో దాచుకుంటారు. కెమెరాని చూసి సిగ్గుపడి, "ఏటి సూస్తన్నారు? మీ మామ్మ కొట్టి ఎట్టేది కాదేటి, ఒళ్లో కూకోబెట్టుకుని?" అంది.

ఆ వీడియోకి గ్రాఫ్ చూస్తే విచిత్రంగా ఉంది. మామూలుగా వీడియోకి జనం ఏటవాలుగా జారిపోతుంటారు. దీనికి మొదటి మూడు సెకన్లలోనే సగానికి పైగా వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు చివరిదాకా కదల్లేదు. 'ఏటి' అన్న మాట చెవిన పడగానే వేరే జిల్లావాడు బొటనవేలితో పైకి నెట్టేశాడు. మావాడు ఆగిపోయాడు. నేను 2,000 పెట్టి, పిన్నులు గుచ్చి, పర్లాకిమిడిని మినహాయించి చేసిన పనిని అత్త రెండు అక్షరాలతో చేసేసింది. ఆ ఆగినవాళ్లని జాబితాగా కట్టడమొక్కటే నా వంతు. అప్పటి నుంచి యాడ్‌ని రాష్ట్రం మొత్తానికి, హైదరాబాద్‌కి, చెన్నైకి గేట్లెత్తినట్టు వదిలేస్తున్నాను. వడపోత యాసే చూసుకుంటుంది.

ఇక్కడితో ఆపేస్తే నేను మహా తెలివైనవాణ్ణని మీరనుకుంటారు. 2023 వేసవి సంగతి కూడా రాయాలి.

మావయ్య పేజీ చూసి ఊళ్లో నలుగురైదుగురు పని ఇచ్చారు. అందులో ఒక కోచింగ్ సెంటరాయన. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ ఫైలు పంపాడు. పేరు, కాలేజీ, పోయిన సబ్జెక్టు, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు. ఎక్కడిదని అడిగితే "అదంతా మీకెందుకండీ" అన్నాడు. నేనూ మళ్లీ అడగలేదు. ఫోన్ నంబర్ల వరస ఒక్కటే కాపీ చేసి, యాడ్ చూపించాల్సిన జాబితాగా ఫేస్‌బుక్‌లోకి ఎక్కించాను. ఎక్కించే ముందు ఆ పేజీ అడుగుతుంది, ఈ వివరాలు వాడుకునే హక్కు నీకుందని ఒప్పుకుంటున్నావా అని. ఒప్పుకున్నాను. నంబర్లు ఎవరూ చదవలేని అక్షరాల ముద్దగా మారిపోయి వెళ్తాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. యాడ్ మాట కూడా నాదే: "ఒక్క సబ్జెక్టే కదా పోయింది!" బాగా కుదిరిందని మురిసిపోయాను.

నాలుగో రోజు మా వీధి చివరింటి పిల్ల ఆధార్ జెరాక్సుకి వచ్చింది. జెరాక్సు తీసిచ్చాక వెళ్లలేదు. షాపులో ఎవరూ లేకుండా చూసి ఫోన్ ముందుకు చాచింది. తెర ఒక మూల పగిలి ఉంది. ఆ పగుళ్ల కింద నా యాడ్.

"అన్నయ్యా, నేను ఫెయిలయ్యానని ఫేస్‌బుక్‌కి ఎవరు చెప్పారు? మా ఇంట్లోనే ఇంకా తెలీదు."

నేను ఏమీ అనకముందే ఆ పిల్ల మూడు చుక్కలు నొక్కి 'ఈ ప్రకటన మీకెందుకు కనబడుతోంది' అన్న పేజీ తెరిచి చూపించింది. చురుకైన పిల్ల. ఫెయిలైంది మ్యాథ్స్ 1బి ఒక్కటే. ప్రకటన ఇచ్చినవాళ్లు ఎక్కించిన జాబితాలో మీరున్నారు అని ఉంది అక్కడ. "లిస్టంటే ఏం లిస్టు అన్నయ్యా? ఎక్కడ పెట్టారు? అందరికీ కనబడుతుందా?"

తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఆ యాడ్ ఆమె దాకా వెళ్లిన దారి దొరికింది. 18 ఏళ్లలోపు పిల్లలకి అలాంటి జాబితాతో యాడ్ చూపించడం ఫేస్‌బుక్ 2021లోనే ఆపేసింది. కానీ ఈ పిల్ల ఆరో తరగతిలో అకౌంటు తెరిచినప్పుడు, చిన్నపిల్లలకి ఇవ్వరని పుట్టిన ఏడాది 1999 అని కొట్టింది. నంబరు వాళ్లమ్మది. కోచింగ్ సెంటరు జాబితాలో ఉన్నదీ వాళ్లమ్మ నంబరే. ఫేస్‌బుక్ దృష్టిలో ఆమె ఇరవై దాటిన మనిషి. నేను ఇచ్చిన నంబరు తిన్నగా పదహారేళ్ల పిల్ల చేతిలోకి వెళ్లింది.

ఆ రోజు నేను చెప్పింది మాత్రం ఇదీ: "కంప్యూటర్ వాళ్లకి అన్నీ తెలిసిపోతాయమ్మా." జెరాక్సు డబ్బులు తీసుకోలేదు. ఆ రాత్రే జాబితా తీసేశాను, యాడ్ ఆపేశాను. కోచింగ్ ఆయన డబ్బులు తిరిగిచ్చేశానని రాస్తే బావుండేది. ఇవ్వలేదు, కరెంటు బిల్లుకి ఖర్చయిపోయాయి. ఆ పిల్ల సప్లిమెంటరీలో పాసైంది. ఇప్పుడు డిగ్రీ. వాళ్లింట్లో ఎవరికీ తెలియదనుకుంటాను. ఆ యాడ్ ఎవరు పెట్టారో ఆమెకీ తెలియదు. దీన్ని చదివితే తెలుస్తుంది.

ఆ ఆగస్టులోనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్లలోపువాళ్లని గురిపెట్టి ప్రకటనలు ఇవ్వకూడదని అందులో ఉంది. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమలు కావడానికి ఇంకో 18 నెలలు గడువిచ్చారు. నాకు వచ్చే ఎక్సెల్ ఫైళ్లేమీ తగ్గలేదు. ఒకటే తేడా, నేను డౌన్‌లోడ్ చేయను. "జాబితా వద్దండీ, వీడియో తీద్దాం" అంటే సగంమంది వేరేవాడి దగ్గరికి పోతున్నారు.

ఎన్నికల ముందు వచ్చిన ఒక చోటా నాయకుడైతే "కులం వారీగా సూపించగలవా?" అని తిన్నగా అడిగేశాడు. అలాంటి గడి లేదని చెప్తే, "ఇంటిపేర్ల బట్టి తెల్దేటి?" అన్నాడు. రాజకీయ ప్రకటనకి గుర్తింపు కార్డుతో అనుమతి తీసుకోవాలి, డబ్బు ఎవరిదో కింద పడుతుంది అని చెప్పగానే టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ భయం వేసింది ఒక పొడి అమ్మేవాడిని చూసి. కిడ్నీలు బాగుచేసే ఆకు పొడి అట. "ఉద్దానం వరకే సాలు" అన్నాడు. జబ్బులకి సంబంధించిన ఎంపికలు 2022 జనవరి నుంచి ఫేస్‌బుక్‌లో లేవు. కానీ అవసరమేముంది? కవిటి మీద ఒక పిన్ను, కంచిలి మీద ఒక పిన్ను, వజ్రపుకొత్తూరు మీద ఒకటి. ఆ ఊళ్లలో డయాలసిస్ తెలియని వీధి లేదు. ఊరి పేరు చెబితే చాలు, జబ్బు పేరు చెప్పక్కర్లేదు. కాలిఫోర్నియాలో కూర్చుని ఏ ఎంపిక తీసేయాలో ఆలోచించేవాడికి కవిటి అంటే మ్యాపులో ఒక చుక్క. వాణ్ణి పంపించేశాను. తర్వాత నెలకి ఆ పొడి యాడ్ మా పిన్ని ఫోన్‌లో చూశాను. పిన్నిది కంచిలి. వాడికి పిన్ను గుచ్చిపెట్టేవాడు ఇంకెవడో దొరికాడన్నమాట.

పోయిన నెలలో ఖరగ్‌పూర్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారట. వాళ్ల తాత బారువ నుంచి వెళ్లారట, బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో. మనవడి ఫోన్‌లో అత్త వీడియో చూశారు. తీసుకున్నది అరకిలో బద్ద పప్పు. మాట్లాడింది ఇరవై నిమిషాలు. బట్టీకి ఇంకా కట్టెలే వాడుతున్నారా, బారువలో సముద్రం ఎంత ముందుకొచ్చింది అని. "మా పేటలో మనోళ్లు సానామందే ఉన్నారు బాబూ" అన్నారు పెట్టేసే ముందు.

ఖరగ్‌పూర్ ఈ ఆరేళ్లలో నాకు తట్టనే లేదు. దక్షిణాదినే వెతుక్కుంటూ కూర్చున్నాను. స్టేషన్ పక్క రైల్వే కాలనీల మీద పిన్ను గుచ్చి 5 కిలోమీటర్లు పెట్టాను. భాష దగ్గర ఆగిపోయాను. ఆయన మనవడు బళ్లో బెంగాలీ, హిందీ చదివాడు, ఫోను ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగు చదవడం రాదట, వింటే మాత్రం వస్తుంది. కాబట్టి భాష గడి ఖాళీగా వదిలేశాను. వీడియో మీద మేం వేసే తెలుగు అక్షరాలు కూడా అక్కడ పనికిరావు.

అత్తకి ఫోన్ చేశాను. అక్షరం ముక్క లేకుండా ఉత్త మాటతోనే ఒక కొత్త వీడియో కావాలి, రేపు పొద్దున్న వస్తాను అన్నాను.

"సేతులు కడుక్కుని కూకోనా?" అంది.

వద్దన్నాను.